రాయల వజ్రము ఎవరి సొత్తు?

‘ఆదిత్య 369’ చిత్రమునకు కొనసాగింపు తలపెట్టిన నిర్మాతలకును, దర్శకరచయితలకును, తెలుగు చలనచిత్ర నిర్మాతల మండలి పెద్దలకును, ఆబిడ్సు నాంపల్లి ప్రాంతమున చిరకాలముగా నివసించుచున్న ప్రేక్షకుడొకడు నమస్కారపూర్వకముగా వ్రాయు బహిరంగ లేఖ.

మహాశయులారా,

‘ఆదిత్య 999 మ్యాక్స్’ అను పేరుతో నొక నూతన చిత్రము రానున్నదనియు, అది 1991 నాటి ‘ఆదిత్య 369’ కు కొనసాగింపగుననియు, నాటి కథానాయకులైన నందమూరి బాలకృష్ణగారి కుమారుడు మోక్షజ్ఞ అందు నటించుననియు వెలువడిన ప్రకటనలను చదివిన నాటినుండి ఈ లేఖ వ్రాయవలయునన్న సంకల్పము నన్ను వదలకున్నది. మొదట పేరు వచ్చినది, పిదప అంకె పెరిగినది, ఆపై నటుడు నిర్ణయింపబడినాడు. ఆ కాలయంత్రము ఈమారు ఏ ప్రశ్నను మోసికొని ఏ కాలమునకు బయలుదేరుచున్నదన్న విషయమునకు మాత్రము మీ ప్రకటనలలో పెద్దపీట దొరకలేదు. అంతకంటె నన్ను ఎక్కువగా కలతపెట్టినది ఈ ప్రకటనల చుట్టును వ్యాపారవర్గములలో వినవచ్చుచున్న అభిప్రాయము. పాత చిత్రమున ఊహ యున్నది గాని సొమ్ము చాలలేదనియు, గ్రాఫిక్సు లేని కాలమున తీసినది కావున లోపములు మిగిలిపోయినవనియు, నేడు సొమ్మునకును సాంకేతిక సామర్థ్యమునకును కొదువ లేదు గనుక ఆ లోపములను పూడ్చి ‘భారీగా’ మరల తీయుటయే తక్కినదనియు పలువురు తీర్పు చెప్పుచున్నారు. ఈ తీర్పును నేను అంగీకరింపజాలను. పాత చిత్రమునకు కొఱతపడినది యంత్రమే అయినచో, ముప్పది సంవత్సరములు దాటినను ప్రజలు దానిని గుండెలో పెట్టుకొని కాచుటకు కారణమేమి?

ఆ చిత్రము దేనితో ప్రారంభమగునో మీరు మఱచితిరా? ఆకాశయానములతో గాదు, లోకాంతరవాసులతో గాదు. మన హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములో శ్రీకృష్ణదేవరాయల కాలపు వజ్ర మొకటి ప్రదర్శనమునం దున్నది. బడిపిల్లలతో కలసి దానిని చూడవచ్చిన బాలుడొకడు తలుపులు మూసిన పిదప లోపలనే చిక్కుకొని, దొంగతనమును కన్నులార చూచును. దొంగిలింపజూచినవాడు ఆకలిగొన్న దొంగ గాడు. అతడు రాజావర్మ; ప్రాచీనవస్తువుల యెడ ఎనలేని మోజు గలవాడు, వాని విలువ తెలిసినవాడు; తెలిసియు, నలుగురు చూడవలసినదానిని తానొక్కడే చూచుకొనవలెనని కోరుకొన్నవాడు. అమ్రీష్ పురీ ధరించిన ఆ పాత్ర యందలి భయంకరత్వ మంతయు ఈ కోరికలోనే యున్నది. 1961 నాటి పార్లమెంటు చట్టముచేత జాతీయప్రాముఖ్యము గల సంస్థగా గుర్తింపబడిన ఆ మ్యూజియము మొదట ఒక్క ప్రభువంశము కూడబెట్టిన సంపద, అది ప్రజలదైనది, ప్రజలదైన దానిని మరల ఒక్కని గదిలోనికి చేర్చుటయే ఆ కథలోని మహాపరాధము. ఆ చిత్రము 1991 జూలై 18వ తేదీన విడుదలయ్యెను. విదేశమారకద్రవ్యము అడుగంటిన ఆ జూలై మాసముననే, ఈ దేశము సుమారు 47 టన్నుల బంగారమును విదేశములకు తరలించి కుదువబెట్టవలసి వచ్చెను. జాతిసంపద చేయి దాటిపోవుట యనునది నాటి ప్రేక్షకునకు కట్టుకథ గాదు. ఉదయము పత్రికలో చదివిన వార్తయే సాయంకాలమునకు తెరమీద మఱియొక రూపమున కనిపించినది.

ఇట్టి కథకు వారసులమని చెప్పుకొనువారు ముందుగా తమను తాము వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. మేమీ చిత్రమును ప్రజల మ్యూజియములో నుంచుచున్నామా, రాజావర్మ యింటికి చేర్చుచున్నామా?

నాటి దర్శకులు సింగీతం శ్రీనివాసరావుగారు నెల్లూరు సీమలోని ఉదయగిరిలో 1931 లో జన్మించినవారు. దీర్ఘకాలము ముట్టడించి 1514 లో కృష్ణరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గము ఆ ఉదయగిరియే. ఆ కొండ నీడలో పుట్టినవాడు హెచ్. జి. వెల్సు 1895 లో ప్రకటించిన కాలయంత్రకథను చదివి, ఆంగ్లేయుని యంత్రమును తెచ్చి భువనవిజయపు వాకిట నిలిపినాడు. ఇందలి సాహసమును మనము తగినంతగా గుర్తింపలేదని నా నమ్మకము. యంత్రము పరదేశపుది, అది చేర్చిన చోటు మాత్రము తెలుగువాని మనస్సులో ఎల్లప్పుడును వెలుగుచుండు చోటు. 1526వ సంవత్సరమున దిగిన ఆ చిత్రపు యువ కథానాయకుడు రాజ్యము గెలువలేదు, కిరీటము కోరలేదు. అతడు సభను చూచినాడు, తెనాలి రామకృష్ణుని చూచినాడు, నర్తకి సింహనందిని యాటను చూచినాడు, తన వాడుక తెలుగుతో ఆ సభవారి తెలుగునకు బదులు చెప్పుటకు తంటాలు పడినాడు. జంధ్యాలగారు వ్రాసిన ఆ సంభాషణలలో కావ్యభాషయు కాలేజీభాషయు ఒకదాని నొకటి కించపఱచుకొనవు. రెండును ఒక్క యింటి మాటలే యని తెలిసి ఒకదానిని చూచి యొకటి నవ్వుకొనును. నేలతరగతిలో కూర్చున్న పిల్లవాడు పాఠ్యపుస్తకములో బట్టీపట్టిన అష్టదిగ్గజముల పేర్లు మనుష్యుల పేర్లే యని మొట్టమొదటిసారిగా గ్రహించినది అక్కడనే.

ఆ ఘట్టములో చిత్రకల్పనయొక్క మూలరహస్య మొకటి దాగియున్నది. రాయలును, ఆయన యెదుట నిలిచిన నేటి యువకుడును ఒకే నటుని రెండు రూపములు. ద్విపాత్రాభినయము మన సినిమాలలో సర్వసాధారణమే. కవలలకొఱకును, తండ్రికొడుకులకొఱకును దానిని ఎన్ని మారులైన వాడినాము. ఇచ్చట మాత్రము అది అన్యార్థమును పొందినది. ఈ కాలపు కుర్రవాడొకడు సామ్రాజ్యాధిపతి ముఖమున తన ముఖమును చూచుకొన్నాడు. ఆ కాలమునకు వారసత్వము రక్తమువలన రాదనియు, దానిని తెలిసికొనగోరిన ప్రతివానికిని అది ప్రాప్తించుననియు ఆ దృశ్యము చెప్పకయే చెప్పినది. ఆబిడ్సునకు కూతవేటు దూరమున సుల్తాను బజారులోనున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును మీరెరుగుదురు గదా! 1901 లో, తెలుగు పాలకభాష గాని రాజ్యమున, ఈ నగరపు తెలుగువారు కొందఱు పూనుకొని గ్రంథాలయమును స్థాపించుకొన్నప్పుడు దానికి పెట్టుకొనుటకు వారికి దొరకిన పేరు ఆ రాయలదే. రాయలు ఈ నగరము నేలినవాడు గాడు, ఈ వీధుల నడచినవాడు గాడు. అయినను వారాయనను తమవానిగా జేసికొనిరి. ఆ హక్కును వారు ఎవరి యనుమతి పుచ్చుకొని సంపాదించిరి? ఆ హక్కే తెరమీది రాయలపైనను మాకు కలదు. చిత్రము మీది కావచ్చును. కాగితముల మీద హక్కు నిశ్చయముగా మీది. అందులోని రాయలు మాత్రము మా అందఱివాడు.

కావుననే నటవారసత్వమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. తండ్రి పాత్ర చేపట్టిన చిత్రమున కుమారుడు నటించుటయందు నాకెట్టి యాక్షేపణయు లేదు. ఆ యువకుడు వృద్ధిలోనికి రావలెననియే నా ఆకాంక్ష. నటకుటుంబములు మనకు కొత్త కావు. 1885 లో పుట్టిన సురభి సమాజమువారి నాటకములను నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని లలితకళాతోరణమున చూచినవారికి, తాతతండ్రుల వేషములను మనుమలు ధరించుటలో నెంత శోభ యున్నదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అయితే సురభివారి బిడ్డకు సంక్రమించునది వేషమొక్కటియే గాదు. తెరవెనుక తీగ లాగుట, పరదాకు రంగు వేయుట, ఘటోత్కచుని గదను గాలిలో ఎగురవేయుట, తన దృశ్యము ముగియగానే పరుగెత్తిపోయి మఱియొకని దృశ్యమునకు దీపము పట్టుట ఇవన్నియు వానికి పుట్టుకతో వచ్చును. వారి వంశము పనితనముయొక్క వంశము. మీ ప్రకటనలలో ముఖమునకు వారసుడు దొరకినాడు; పనితనమునకు వారసు లెవరు?

‘ఆదిత్య 369’ కు అసలైన వంశవృక్షము స్టూడియోలలో నున్నది. సింగీతంవారు కె. వి. రెడ్డిగారి శిష్యులు, 1957 నాటి ‘మాయాబజార్’ కు ఆయన వద్ద సహాయకులుగా పనిచేసినవారు. మార్కస్ బార్ట్లే కెమెరాలో పుట్టిన ఆ మాయలో ప్రేక్షకుని మోసము చేయుటకంటె అతనిని ఆనందింపజేయుటయే ప్రధానము. ఆ గురుకులములో నేర్చిన పాఠమును తరువాత మాటలు లేని ‘పుష్పక విమానము’నందును, పిదప కాలయంత్రమునందును ఆయన వినియోగించిరి. ‘ఆదిత్య’ కు పి. సి. శ్రీరామ్, వి. ఎస్. ఆర్. స్వామి, కబీర్ లాల్ అను ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేసిరి. పేకేటి రంగా కళాదర్శకత్వమున గతమునకొక వర్ణము, భవిష్యత్తునకొక వర్ణము, నడుమ మన వీధులకు మన వీధుల వర్ణమే అమరినవి. కంప్యూటరు లేదు. కొయ్య, రేకు, దీపము, పొగ, ఇళయరాజాగారి వాద్యబృందము వీనితోనే వారు ఐదు శతాబ్దముల ముందునకును వెనుకకును మమ్ము నడిపించిరి. యంత్రము కదలునప్పుడు కథానాయకునితో పాటు దాని లోపల కూర్చున్న కానిస్టేబులు ముఖమునందలి భయమును మేము నమ్మితిమి; అతని భయమును నమ్మినందున యంత్రమును నమ్మితిమి. ఎంత ఖరీదైన గ్రాఫిక్సైనను ఆ కానిస్టేబులు లేనిదే నిరర్థకమని మీకు తెలియని విషయమా? 2024 లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ వారు, అంతటి సాంకేతికసంపద చేతనుండియు, కథారచనకు మార్గదర్శకులుగా నుండుమని ఈ సింగీతంవారినే ప్రార్థించిరి. వారికి తెలిసినది మీకును తెలిసియుండవలయును.

ఇక భవిష్యత్తు సంగతి. పాత చిత్రము 2504వ సంవత్సరమునకు పోయినప్పుడు అక్కడ తళతళలాడు నగరములను చూపలేదు. అణుయుద్ధముచేత పాడైన భూమి పైపొరను విడిచి, రేడియేషనునకు వెఱచి, పాతాళమున తలదాచుకొన్న మానవులను చూపినది. చెర్నోబిలు ప్రమాదము జరిగి అప్పటికి ఐదేండ్లయినది. పెద్దరాజ్యములు రెండును అణ్వస్త్రములను గుట్టలుగా పేర్చుకొని యుండెను. పండుగనాటి వినోదమునకని వచ్చిన కుటుంబములకు ఆ దర్శకుడు ఇంతటి చేదును మెత్తగా మింగించినాడు. మీ యంత్రము మమ్ము ఏ భయమునొద్దకు తీసికొనిపోవును? మా భయములు ఎక్కడను వెదకబని లేదు. 2019 లో నల్లమల యడవులలో యురేనియపు అన్వేషణమును గూర్చిన మాట బయటికి పొక్కినప్పుడు, చెంచుపెంటలనుండి విశ్వవిద్యాలయములదాక తెలుగునేల యెట్లు అట్టుడికినదో, శాసనసభ సైతము దానికి వ్యతిరేకముగా నెట్లు తీర్మానించినదో మీరు చూచితిరి. 2504 లోనిదని మేము 1991 లో చూచిన పీడకల శ్రీశైలము దారిలో మా యెదుట నిలిచినది. ఇట్టి విషయమును మీ కథ స్పృశించునా? లేక 999 అనునది వట్టి పెద్ద అంకె మాత్రమేనా?

పరదేశములలో ఇట్టి కొనసాగింపు పని చేసినవారు తప్పులును చేసిరి, ఒప్పులును చేసిరి. అమెరికాలో 1966 లో టెలివిజనున ప్రారంభమైన ‘స్టార్ ట్రెక్’ గాథను 2009 లో జె. జె. ఏబ్రమ్స్ క్రొత్త నటులతో మరల మొదలుపెట్టినప్పుడు, కథలో కాలప్రవాహమును చీల్చి, పాత గాథ యంతయు దాని త్రోవలో అది క్షేమముగా నుండునట్లు ఏర్పాటు చేసెను. పాత స్పాక్ పాత్రధారియైన లియొనార్డ్ నిమాయ్‌ని వృద్ధరూపమున నిలిపి, ఆయనచేతనే కొత్తవానికి బాధ్యత నప్పగింపజేసెను. దానిలోని పరుగును, పోరాటములను మెచ్చనివారును ఆ మర్యాదను మెచ్చిరి. 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ కు 2017 లో వచ్చిన కొనసాగింపు పాత చిత్రము వేసిన ప్రశ్ననే మఱింత లోతుగా వేసినది. పేరును మాత్రము పుచ్చుకొని ప్రశ్నను పారవేసిన ప్రయత్నములు ఎన్నియో వచ్చినవి. వాని పేర్లిప్పుడెవరికి కావలెను?

ఇక నా లేఖలో ముఖ్యమైన భాగమునకు వచ్చుచున్నాను. దీనికొఱకే పైదంతయు వ్రాసితిని.

2025 ఏప్రిల్ 4వ తేదీన నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌గారు పాత చిత్రమును 4కె రూపమున, నూతన శబ్దసంవిధానముతో మరల విడుదల చేసిరి. చేయనివారితో పోల్చి చూచిన ఇది మెచ్చదగిన పని. వారికి నా కృతజ్ఞతలు. కాని పునర్విడుదల వేఱు, పరిరక్షణము వేఱు. పునర్విడుదల ఒక వారపు పండుగ. మొదటి యాటలో కాగితపు తునుకలు తెరమీదికి ఎగిరిపోవును, ఈలలలో మాట వినబడదు, పై శుక్రవారమునకు మఱియొక పాత చిత్రము దాని స్థానము నాక్రమించును. పరిరక్షణము చప్పుడు లేని నిత్యకృత్యము. సినిమా రీలు నశించు విధమును మీలో పలువురు దగ్గరగా చూచియుందురు. తేమయు వేడిమియు గల గదిలో సంవత్సరములతరబడి పడియున్న రేకుడబ్బా మూత తీయగానే ముక్కుపుటములు అదరునట్లు వెనిగరు వంటి పుల్లని వాసన కొట్టును. ఫిల్ము అంచులు అలలవలె ముడుతలు పడియుండును. చుట్ట విప్పబోయిన ఒక పొర మఱియొక పొరకంటుకొని పెళుసుగా విరుగును. ఒక డబ్బాలో మొదలైన ఆ పులుపు పక్క డబ్బాలకును సోకును. ఆ దశకు వచ్చినదానిని వెనుకకు మరల్చుట యెవరికిని శక్యము గాదు. చల్లని, పొడి గదిలో నుంచి ఆలస్యము చేయవచ్చును, అంతే. 1932 లో హెచ్. ఎం. రెడ్డి తీసిన మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి యొక్కటియు నేడు లేదు. ఒక భాష తన మొదటి మాటను తానే పోగొట్టుకొన్నది. ఇంతకంటె హెచ్చరిక యేమి కావలెను?

పని తెలియనిదనుటకును వీలులేదు. 2019 డిసెంబరులో ఈ హైదరాబాదులోనే, అన్నపూర్ణ స్టూడియోలో, ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషనువారు చలనచిత్ర పరిరక్షణమును నేర్పు శిక్షణశిబిరమును నడిపిరి. 2024 లో అక్కినేని నాగేశ్వరరావుగారి శతజయంతి సందర్భమున ఆ సంస్థయే ఆయన చిత్రములను కూర్చి అనేక నగరములలో ప్రదర్శించినది. పూణేలో 1964 నుండి జాతీయ చలనచిత్ర భాండాగారము కలదు. దారియు నున్నది, నేర్పువారును ఉన్నారు. నిర్మాతల మండలి పెద్దలారా, మీ సభ్యులలో ఎందఱి నెగెటివులు ఎచ్చట, ఏ స్థితిలో నున్నవో పట్టిక యొకటి తయారుచేసి ప్రకటించుటకు మీకేమి యడ్డము? పేర్లు నమోదు చేయుటకును, విడుదల తేదీలు సర్దుటకును మండలి కావలసివచ్చినప్పుడు, ఉన్నదానిని కాపాడుటకు మాత్రము అది అక్కఱకు రాదా?

ఈ పేటను ఒకమారు చూడుడు. నిజాము కొలువునందలి ఆబిదు అను వర్తకుని దుకాణము వలన పేరు పడిన ఈ ఆబిడ్సు ఒకప్పుడు టాకీసుల పేట. ప్యాలెస్, జమరుద్ మహల్, సాగర్ అను పేర్లు నేడు పెద్దలు దారి చెప్పుటకు వాడు గుర్తులుగా మాత్రమే మిగిలినవి. నందమూరి తారకరామారావుగారి కుటుంబము కట్టించిన రామకృష్ణ థియేటరు సైతము మూతబడినది. ఆదివారమునాడు మూసిన దుకాణముల ముందు కాలిబాటమీద పఱచు పాత పుస్తకముల నడుమ అప్పుడప్పుడు సినిమా పాటల పుస్తకములు కనబడుచుండును. నాలుగు పుటలు, గరుకు కాగితము, ఒకదానిమీద నొకటి సరిగా కూర్చొనని రెండు రంగుల ముఖచిత్రము, వెనుక అట్టమీద ‘మిగిలిన కథ వెండితెరపై చూడుడు’ అను వాక్యము. వానిని ఏరి కొనుక్కొనిపోవు యువకులు కలరు. చరిత్రను దాచుకొను బాధ్యతను ప్రస్తుతము కాలిబాటలే మోయుచున్నవి.

అక్కడినుండి స్టేషను దారిన నడచి నాంపల్లి చేరిన, పబ్లిక్ గార్డెన్సులో రాష్ట్ర పురావస్తుప్రదర్శనశాల యున్నది. ఈజిప్టు మమ్మీని చూచుటకై బడిపిల్లలు బారులు తీరి, ఒకరి భుజముమీదుగా నొకరు తొంగిచూచుచుందురు. ఆ సమీపముననే తెలుగు విశ్వవిద్యాలయపు నాంపల్లి ప్రాంగణము కలదు; ఆ విశ్వవిద్యాలయము 1985 లో రామారావుగారి ప్రభుత్వము స్థాపించినది, నేడు సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు ధరించినది. సాహిత్య సంగీత నాటక అకాడమీలను తనలో కలుపుకొని పుట్టిన ఆ విద్యాపీఠమునకు తెలుగు తెరమీది రచనయు తెలుగు రచనయే యని ఎవరైన చెప్పవలయునా? ‘ఆదిత్య 369’ యొక్క సంపూర్ణ సంభాషణాప్రతి, దృశ్యవిభజనము, కాలయంత్రమునకు గీసిన చిత్తుబొమ్మలు, విజయనగరపు సభాస్థలి నమూనాలు, మీ 4కె ప్రతి నకలొకటి, ఆ చిత్రమున పనిచేసినవారిలో మన మధ్యనున్నవారి జ్ఞాపకములను నమోదు చేసిన దృశ్యములు ఇవన్నియు ఈ నాంపల్లిలో ప్రజలెవరైనను అడిగి చూడగలుగునట్లు ఒకచోట నుంచుడు. జంధ్యాలగారు 2001 లో వెళ్ళిపోయిరి. చిత్రమును సమర్పించిన బాలసుబ్రహ్మణ్యంగారు 2020 లోను, తెనాలి రామకృష్ణుడైన చంద్రమోహన్‌గారు 2023 లోను వెళ్ళిపోయిరి. వారు చెప్పగలిగియుండినది వారితోనే పోయినది. ఇంకెవరికొఱకు ఎదురుచూచుచున్నారు?

మీరు తీయబోవు చిత్రముయొక్క వ్యయములో ఇది లెక్కకు వచ్చు మొత్తము గాదు. ఒక్క పాటకు వేయు సెట్టుకంటె తక్కువ. మొదటి దృశ్యమునకు కొబ్బరికాయ కొట్టుటకు ముందు ఈ యొక్క పని చేసినచో, మీ చిత్రము ఎట్లున్నను మేము మీకు ఋణపడియుందుము. చేయనిచో, మీ చిత్రము ఎంత ఘనమైనదైనను, దానికి మూలమైనదానిని చీకటిగదిలో పుల్లబడనిచ్చి దాని పేరును మాత్రము విపణికి తెచ్చినవారని మిమ్ము ననుట తప్పగునా?

మఱియొక చిన్న మనవి కలదు. పాత చిత్రము పిల్లల చిత్రము. మ్యూజియములో చిక్కుకొన్నవాడు పిల్లవాడు, ఆ యంత్రమునుగూర్చి మాతో గొంతుచించుకొని వాదించినవారు పిల్లలు. పెద్ద చిత్రములకు మొదటి దినములలో టిక్కెట్టు ధర పెంచుటకు ఉభయరాష్ట్ర ప్రభుత్వములను అభ్యర్థించి ఉత్తరువులు పొందుట ఇటీవల పరిపాటియైనది. నలుగురున్న గృహస్థు ఆ ధరలకు తన పిల్లలను తీసికొనిరాగలడా? ఈ ఒక్క చిత్రమునకైనను అట్టి యభ్యర్థనను చేయకుడు.

నేను కొనసాగింపునకు శత్రువును గాను. యోగ్యమైన కథతో వచ్చిన, మొదటినాడే టిక్కెట్టు కొనువారిలో నేనుందును. అంతవరకు నేనును, నావంటివారును ఒకే సమాచారమునకై వేచియుందుము. ఆ పాత చిత్రపు మూల నెగెటివు నేడు ఏ ఊర, ఎవరి సంరక్షణలో, ఎంత వేడిమిగల గదిలో నున్నది? మిగిలిన రీళ్ళెన్ని, వానిలో చెడనివెన్ని? దీనికి పత్రికాముఖముగా సమాధాన మిచ్చుడు.

ఇట్లు,
భవదీయుడు,
ఆబిడ్సు వాస్తవ్యుడైన యొక ప్రేక్షకుడు.